కొండ తవ్వాక కంపెనీ దివాలా తీస్తే ఎవరిని అడుగుతారు?



"పెట్టుబడి వస్తోంది, అడ్డుపడకండి." ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు విన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. సర్వేకి వచ్చినోళ్ళు చెప్తారు. మండలం ఆఫీసులో చెప్తారు. టీవీలో రోజూ చెప్తారు. ఇప్పుడు మన కాలేజీల్లో చదివిన తమ్ముళ్ళు కూడా అంటున్నారు, "వేల కోట్లంట అన్నా, మన ఊరికే అంట" అని. వేల కోట్లు అనే మాట చెవిన పడగానే చాలామందికి నోట మాట రాదు. అంత పెద్ద అంకె ముందు మనమేం అడుగుతాం అనుకుంటారు.

అడగండి. ఆ వేల కోట్లు ఎవరివి? సగంలో ఆగిపోతే మన కొండ గతి ఏంటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాకుండా ఏ గ్రామసభలోనూ వేలిముద్ర పడకూడదు, సంతకం పడకూడదు. ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి. చదివాక ఇంట్లో అమ్మానాన్నలకు మీ భాషలో చెప్పండి.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

సంతలో షావుకారు సంగతి మీకు తెలుసు. పంట ఇంకా చెట్టు మీద ఉండగానే అడ్వాన్సు ఇస్తాడు. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా ఏదైనా సరే, ధర అప్పుడే తేల్చేస్తాడు. అయితే ఆ అడ్వాన్సు కూడా చాలాసార్లు అతని సొంత డబ్బు కాదు. మైదానంలో ఇంకో పెద్ద షావుకారు దగ్గర తెచ్చింది. పైవాడు బిగిస్తే ఇతను మన మీద బిగిస్తాడు.

పెద్ద కంపెనీ ప్రాజెక్టు కూడా ఇలాగే నడుస్తుంది. రోడ్డు, పోర్టు, కరెంటు ప్లాంటు ఏదైనా, వంద రూపాయల ప్రాజెక్టులో కంపెనీ సొంతంగా పెట్టేది సాధారణంగా పాతికో ముప్పయ్యో. మిగతాది అప్పు. అది బ్యాంకుల్లో జనం దాచుకున్న డబ్బు, లేదంటే విదేశీ ఫండ్ల డబ్బు. ప్రాజెక్టు లాభసాటిగా కనబడటం లేదంటే "వయబిలిటీ గ్యాప్ ఫండింగ్" అనే పథకం ఉంది. ఖర్చులో 20 శాతం దాకా కేంద్రం, ఇంకో 20 శాతం దాకా రాష్ట్రం ఇవ్వొచ్చు. అదీ మన పన్నుల సొమ్మే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన ఊరికి వచ్చే కంపెనీ, పేపర్లో పేరు కనబడే పెద్ద కంపెనీ సాధారణంగా ఒకటి కావు. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో చిన్న కంపెనీని పుట్టిస్తారు. అప్పు ఆ చిన్న కంపెనీ పేరు మీద ఉంటుంది. లీజు, అనుమతులు, యంత్రాలు అన్నీ ఆ పేరు మీదే బ్యాంకుకు తనఖా పెడతారు. రేపు మునిగితే ఆ చిన్న కంపెనీ ఒక్కటే మునుగుతుంది. ప్రత్యేకంగా హామీ రాసి ఇస్తే తప్ప పెద్ద కంపెనీ ఆస్తి మీద చెయ్యి వెయ్యలేం. ఊరికి వచ్చి దండలు వేయించుకునేది పెద్ద కంపెనీ పేరు. కాగితం మీద ఉండేది ఆ పిల్ల కంపెనీ పేరు.

2008లో ఏం జరిగింది?

2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే బ్యాంకు కూలింది. అక్కడ ఇళ్ళ అప్పుల జూదం పేలింది. అరకులో మనకేం సంబంధం అనుకుంటాం. కానీ ప్రపంచమంతా అప్పులు ఇచ్చే బ్యాంకులు ఒక్కసారిగా చేతులు ముడుచుకున్నాయి. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో ప్రైవేటు రోడ్లు, కరెంటు ప్రాజెక్టులకు డబ్బు దొరకడం కష్టమైంది. కొన్ని ఆగాయి, కొన్ని వాయిదా పడ్డాయి, దొరికిన అప్పుకు వడ్డీ పెరిగింది.

అప్పుడు ఎవరు ఆదుకున్నారు? ప్రైవేటు రంగమే గొప్పదని ఇరవై ఏళ్ళుగా చెప్పిన ప్రపంచ బ్యాంకు గ్రూపు, ఐఎఫ్‌సీ ద్వారా ప్రైవేటు ప్రాజెక్టుల కోసం సంక్షోభ నిధి పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2008 డిసెంబర్‌లో ప్యాకేజీ ప్రకటించి, ఐఐఎఫ్‌సీఎల్ అనే తన సంస్థకు పన్ను లేని బాండ్లతో 10,000 కోట్లు తెచ్చుకోమంది. నెల తిరక్కుండా, 2009 జనవరిలో, ఇంకో 30,000 కోట్లకు దారి తెరిచింది. ప్రైవేటు ప్రాజెక్టులు ఆగకూడదని ప్రభుత్వ బ్యాంకులు అప్పుల తలుపు బార్లా తెరిచాయి.

ఆ అప్పులు ఏమయ్యాయి? పదేళ్ళకు లెక్క బయటపడింది. 2018 మార్చి నాటికి దేశంలో బ్యాంకులు ఇచ్చిన ప్రతి వంద రూపాయల అప్పులో 11 రూపాయలకు పైగా మొండి బకాయి. అదే ఏడాది ఇన్‌ఫ్రా ప్రాజెక్టులకు అప్పులిచ్చే పెద్ద సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కూలింది, 90 వేల కోట్లకు పైగా అప్పుతో. మన తెలుగు కంపెనీ ల్యాంకో సంగతి చూడండి. కరెంటు ప్లాంట్లు కట్టింది, ఆస్ట్రేలియాలో బొగ్గు గని కొన్నది. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా కోర్టుకు పంపమన్న 12 పెద్ద ఎగవేతల్లో ఒకటిగా తేలింది. 40 వేల కోట్లకు పైగా అప్పు. 2018లో హైదరాబాద్ ట్రిబ్యునల్ దాన్ని అమ్మేసి మూసెయ్యమంది.

అప్పు చేసి పప్పుకూడు అంటారు కదా. ఇక్కడ అప్పు ఒకరు చేశారు, పప్పుకూడు వాళ్ళే తిన్నారు, తీర్చేది దేశమంతా తీర్చింది.

మన కొండల మీద ఆడిన ఆట

ఇప్పుడు మన్యానికి రండి.

2005లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జిందాల్ గ్రూపుతో ఒప్పందం చేసుకుంది. అరకు వైపు గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది కొండల బాక్సైట్ ఏపీఎండీసీ తవ్వుతుంది. విజయనగరం జిల్లా ఎస్.కోట దగ్గర జిందాల్ ఫ్యాక్టరీ పెడుతుంది. 2007లో ఇంకో ఒప్పందం, గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థతో. అది పెన్నా గ్రూపుతో కలిసి అన్‌రాక్ అనే కంపెనీ పెట్టింది. చింతపల్లి వైపు జెర్రెల కొండలు తవ్వి మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ ఫ్యాక్టరీకి ఇవ్వాలి. 2008లో ఏపీఎండీసీతో బాక్సైట్ సరఫరా ఒప్పందం కూడా రాసుకున్నారు.

ఏపీఎండీసీ మధ్యలోకి ఎందుకు వచ్చింది? 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది కాబట్టి. మన అనంతగిరి మండలం ఊళ్ళ పోరాటం నుంచి పుట్టిన తీర్పు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా 1/70 కింద ఒక "వ్యక్తే", ప్రైవేటు కంపెనీకి లీజు ఇచ్చే హక్కు దానికి లేదని కోర్టు తేల్చి చెప్పింది. అందుకని ప్రభుత్వ సంస్థ పేరుతో తవ్వి ప్రైవేటు ఫ్యాక్టరీ గుమ్మంలో పోసే దారి కనిపెట్టారు. ముందు తలుపు కోర్టు మూస్తే దొడ్డి తలుపు తీశారు.

ఇక ధర సంగతి. 2008 జూలైలో లండన్ మార్కెట్లో టన్ను అల్యూమినియం 3,300 డాలర్లు దాటింది. 2009 ఫిబ్రవరికి 1,300 డాలర్ల కిందికి పడింది. ఏడు నెలల్లో సగానికి పైగా ఆవిరి. గాలికొండలో రాయి మారలేదు, గెడ్డ మారలేదు, మనుషులు మారలేదు. లండన్‌లో ఎవరో బోర్డు మీద అంకె మార్చారు. అంతే, "రాష్ట్రానికి బంగారు గని" అన్న కొండ కాస్తా "ఆలోచించాల్సిన ప్రాజెక్టు" అయిపోయింది.

తర్వాత ఏం మిగిలింది? ఎస్.కోట దగ్గర వెయ్యి ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. అల్యూమినా ఫ్యాక్టరీ రాలేదు. ఇరవై ఏళ్ళు కావొస్తోంది, ఇప్పుడు ఆ భూమిలో పారిశ్రామిక పార్కు అంటున్నారు. భూమి ఇచ్చిన రైతులు ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. ఒక పని చెప్పి తీసుకుని ఇంకో పనికి వాడతామంటే అడగొద్దా?

మాకవరపాలెంలో ఇంకో కథ. అక్కడ ఫ్యాక్టరీ కట్టేశారు. వేల కోట్ల ఖర్చు. కొండకు అనుమతి రాకముందే ఫ్యాక్టరీ! ఎందుకలా? కట్టేశాక "ఇంత డబ్బు పెట్టాం, బ్యాంకుల అప్పు పేరుకుపోతోంది, కొండ ఇవ్వకపోతే ఎలా?" అని అడగొచ్చు. ఒడిశాలో లాంజిగఢ్ దగ్గర వేదాంత కూడా నియాంగిరి ఒప్పుకోకముందే రిఫైనరీ కట్టింది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంటే, 12 ఊళ్ళలో 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఆ డోంగ్రియా కోందుల పేరు మన యువత గుండెల్లో రాసుకోవాలి.

మన దగ్గర కూడా ఒత్తిడి అలాగే వచ్చింది. 2015 నవంబర్‌లో జీవో 97 వచ్చింది. జెర్రెల బ్లాకుల్లో 1,200 హెక్టార్లకు పైగా అడవిని ఏపీఎండీసీకి అప్పగించే జీవో అది. మన్యం లేచింది. బంద్‌లు, ర్యాలీలు, ఊరూరా తీర్మానాలు. ప్రభుత్వం వెనక్కి తగ్గి పక్కన పెట్టింది, 2019లో అది రద్దయింది. అప్పుడు రస్ అల్ ఖైమా సంస్థ ఏం చేసింది? రెండు దేశాల పెట్టుబడి ఒప్పందం కింద, అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో భారతదేశం మీద దాదాపు 4.5 కోట్ల డాలర్ల పరిహారం అడిగింది. చూశారా? వాళ్ళ పెట్టుబడికి నష్టమైతే అడగడానికి అంతర్జాతీయ వేదిక ఉంది. మన కొండకు నష్టమైతే మనకు కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ ఉంది.

"సంక్షోభమే మనల్ని కాపాడింది కదా?"

మనలో కొందరు ఇలా అంటారు. ధర పడిపోయింది కాబట్టి కొండ మిగిలింది, మన పోరాటం పాత్ర చిన్నదే అని. ఈ మాట వినడానికి తెలివైనదిగా ఉంటుంది గానీ తప్పు.

ధర పడిపోయినప్పుడు ఒక్క ఒప్పందం కూడా దానంతట అది రద్దు కాలేదు. కాగితాలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. జీవో 97 వచ్చింది సంక్షోభం వచ్చిన ఏడేళ్ళకు. అంటే మార్కెట్ కొండను వదల్లేదు, కాసేపు పక్కన పెట్టింది. 2012లో అప్పటి కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి, మన అరకు ఎంపీ కిశోర్ చంద్రదేవ్ బాక్సైట్ లీజులు రద్దు చెయ్యమని ఐదో షెడ్యూల్ అధికారాలు గుర్తు చేస్తూ గవర్నర్‌కు లేఖ రాయాల్సి వచ్చిందంటే, ప్రమాదం పోలేదనే కదా.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ధర బాగుంటే లాభం కోసం కొండ కావాలంటారు. ధర పడిపోతే అప్పు తీర్చడం కోసం కొండ కావాలంటారు. మంచి కాలమైనా చెడ్డ కాలమైనా వాళ్ళ వేలు మన వైపే చూపిస్తుంది. కాగితాన్ని చింపింది జనం.

దివాలా చట్టంలో మన ఊరి పేరు ఎక్కడుంది?

ఇది డిగ్రీ చదివిన ప్రతి తమ్ముడూ చెల్లీ తెలుసుకోవాల్సిన సంగతి. 2016లో దివాలా చట్టం వచ్చింది. కంపెనీని అమ్మేసి మూసేస్తే వచ్చిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది సెక్షన్ 53లో వరసగా రాసి ఉంది. దివాలా ప్రక్రియ ఖర్చులు ముందు. తర్వాత తనఖా ఉన్న బ్యాంకులు, వాళ్ళతో సమానంగా కార్మికుల 24 నెలల బకాయి. తర్వాత మిగతా ఉద్యోగులు, తనఖా లేని అప్పులవాళ్ళు, ప్రభుత్వ బకాయిలు, చివరికి వాటాదారులు. ఈ వరసలో గ్రామసభ అనే మాట లేదు. తవ్వి వదిలేసిన కొండ అనే మాట లేదు. ఎండిపోయిన ఊట అనే మాట లేదు.

మూసెయ్యకుండా కొత్త యజమాని కొనుక్కుంటే? 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆమోదం పొందిన ప్రణాళికలో లేని పాత బకాయిలన్నీ చెల్లిపోయినట్టే అని. కొత్త యజమాని పలక తుడిచినట్టు శుభ్రంగా మొదలుపెడతాడు. ఇప్పుడు ఆలోచించండి. మీ ఊరికి స్కూలు కడతాం, ఆస్పత్రి కడతాం, ఇంటికో ఉద్యోగం ఇస్తాం అని మైకులో చెప్పిన మాట ఏ కాగితంలో ఉంది? కాగితంలో ఉన్నా, దివాలా అధికారి పేపర్లో ప్రకటన ఇచ్చినప్పుడు గడువు లోపల క్లెయిమ్ వెయ్యమని ఊళ్ళో ఎవరికి చెప్తారు? కొత్త కంపెనీవాడు వచ్చి "అది పాత కంపెనీ చెప్పింది, మాకు సంబంధం లేదు" అంటే మీ దగ్గర ఏం జవాబుంది?

కొండను తవ్వి ఎలుకను పట్టారని మైదానంలో సామెత చెప్పి నవ్వుకుంటారు. ఎలుక దొరక్కపోతే వాళ్ళు ఇంకో కొండకు పోతారు. తవ్విన కొండ మనకి మిగులుతుంది.

ఇప్పుడు నీళ్ళ వంతు

బాక్సైట్ తర్వాత ఇప్పుడు పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు వచ్చాయి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అదానీ గ్రీన్‌కు నాలుగు చోట్ల కలిపి 3,700 మెగావాట్లకు పచ్చజెండా ఊపింది. అందులో సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస ఉన్నాయి. డిసెంబర్‌లో మన అల్లూరి జిల్లాలోని పెదకోటకు, ఇంకా రైవాడకు కూడా ఒప్పుకున్నారు. తర్వాత నవయుగ సంస్థకు గుజ్జెలి, చిట్టంవలస. ప్రభుత్వాలు మారాయి, పార్టీ జెండాలు మారాయి, ఫైలు మాత్రం ఆగలేదు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. కొండ పైన ఒక రిజర్వాయర్, కింద ఒకటి. పగలు సోలార్ కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీటిని పైకి తోడతారు. సాయంత్రం కరెంటు ధర బాగున్నప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. పైకి తోడటానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది 75, 80. ఇది కరెంటు పుట్టించే ప్లాంటు అనుకోకండి, కరెంటును దాచే గోదాము. పగటి ధరకూ రాత్రి ధరకూ మధ్య తేడాయే దీని లాభం.

బొగ్గు మానేసి సోలార్‌కి పోవాలంటే కరెంటు దాచే ఏర్పాటు కావాలి, నిజమే. దాన్ని నేను కాదనను. కానీ రేపు బ్యాటరీల ధర ఇంకా పడిపోతే? పగటికీ రాత్రికీ ధర తేడా తగ్గిపోతే? వడ్డీలు పెరిగితే? సొరంగాలు సగం తవ్వాక అప్పు ఇచ్చినవాడు ఆపేస్తే? ఇవి నా భయాలు కావు, బ్యాంకువాళ్ళు అప్పు ఇచ్చే ముందు వేసుకునే ప్రశ్నలే. బ్యాంకుకు అడిగే హక్కుంటే, నీళ్ళిచ్చే ఊరికి ఎందుకు లేదు?

2023 జనవరిలో హిండెన్‌బర్గ్ రిపోర్టు వచ్చాక అదానీ గ్రూపు షేర్ల విలువ నెల రోజుల్లో పది వేల కోట్ల డాలర్లకు పైగా పడిపోయింది. ఆరోపణల్ని ఆ సంస్థ ఖండించింది, వాటిలో నిజమెంతో కోర్టులు చూసుకుంటాయి, తర్వాత షేర్లు కోలుకున్నాయి కూడా. నేను చెప్పేది వేరే. న్యూయార్క్‌లో ఒక రిపోర్టు అచ్చయితే ఊగిపోయేంత దూరంలో మన గెడ్డల భవిష్యత్తును కట్టేస్తున్నారు. గోస్తని మన అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా తాటిపూడికి పోతుంది. శారద నీళ్ళు రైవాడకు పోతాయి. ఆ రెండు రిజర్వాయర్ల నీళ్ళు విశాఖ నగరం తాగుతోంది. మన కొండల ఊట చెడితే మైదానపు మిత్రులారా, మీ కుళాయి కూడా ఎండుతుంది. ఈ పేజీ చదివే మద్దతుదారులు దీన్ని మా సమస్యగా మాత్రమే చూడొద్దు.

"మరి అభివృద్ధి వద్దా?"

కావాలి. రోడ్డు కావాలి. గర్భిణిని డోలీలో మోసుకుంటూ గెడ్డ దాటే రోజులు పోవాలి. సెల్ టవర్ కావాలి, అంబులెన్స్ కావాలి, స్కూల్లో టీచర్ కావాలి. వీటిలో దేనికి ప్రైవేటు పెట్టుబడి వచ్చిందో చెప్పండి. ముప్పై గడపల ఊరికి రోడ్డేస్తే టోల్ రాదు కదా, అందుకే ఏ కంపెనీ రాదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడలో "అడవి తల్లి బాట" అని మొదలుపెట్టిన రోడ్లు 1,005 కోట్ల ప్రభుత్వ డబ్బుతోనే. అవి పూర్తయ్యేదాకా మనం వెంటపడాలి. కానీ డబ్బు ఎవరిదో గమనించండి.

మన కొండల మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు లైను 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టు మీదుగా జపాన్‌కు పంపడానికి వేశారు. ఇంజనీరింగ్ అద్భుతం, కాదనం. కానీ దాన్ని గీసిన చెయ్యి మన ఊళ్ళను చూసి గీయలేదు, ఖనిజాన్ని చూసి గీసింది. మాచ్‌ఖండ్ 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని కోసం మునిగిన ఊళ్ళ మనుషులకు ఆ వెలుగు ఎన్ని దశాబ్దాలకు అందింది? ఇవి రెండూ ప్రభుత్వం కట్టినవే. కాబట్టి ప్రభుత్వమైతే అంతా మంచిదని నేను అనను. ప్రభుత్వాన్నైతే ఓటుతో, బంద్‌తో, చట్టంతో అడగ్గలం. పేరు మార్చుకుని చేతులు మారిపోయే కంపెనీని ఎక్కడ పట్టుకుంటాం?

సంక్షోభంలో మన బీమా ఏది?

2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకోండి. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లో పనులకు పోయిన మన పిల్లలు పని పోయి, బస్సు లేక, నడిచి కొండకు తిరిగొచ్చారు. కంపెనీలు రెండు నెలలు జీతం ఆపేస్తే మనల్ని పోషించింది ఏది? పోడులో చోళ్ళు, సామలు. అడవిలో దుంప, అడ్డాకు, చింతపండు. ఉపాధి హామీ పని. ఐటీడీఏ వేయించిన కాఫీ తోట. 1/70 లేకపోతే ఆ భూమి ఎప్పుడో చేతులు మారేది, ఆ పిల్లలు తిరిగి రావడానికి చోటే ఉండేది కాదు.

ఇదే అసలు లెక్క. కంపెనీకి కొండ అంటే అప్పు కోసం పెట్టే తనఖా. మనకు కొండ అంటే ప్రపంచంలో ఎక్కడ ఏ బ్యాంకు కూలినా మనల్ని నిలబెట్టే బీమా. వాళ్ళు తమ రిస్కు తగ్గించుకోవడానికి మన బీమా పత్రం అడుగుతున్నారు.

అందుకే 2025 జనవరిలో అసెంబ్లీ స్పీకర్ టూరిజం కోసం 1/70ని సవరించాలన్నట్టు మాట్లాడితే, ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటలు మన్యం మొత్తం మూతపడింది. ముఖ్యమంత్రి ఆ చట్టం జోలికి వెళ్ళమని చెప్పాల్సి వచ్చింది. హోటలైనా, గనైనా, రిజర్వాయరైనా అన్నీ ఒకే తలుపు కొడుతున్నాయి. ఆ తలుపు పేరు 1/70.

గ్రామసభలో ఏం అడగాలి?

ఆవేశం ఒక్కటే సరిపోదు. కాగితం కావాలి. ఏ ప్రాజెక్టు వచ్చినా ఈ ఆరు విషయాలు తీర్మానంలో రాయించండి.

1. ప్రాజెక్టు కాగితం మీద ఉన్న కంపెనీ పేరు, దాని వెనక ఉన్న పెద్ద కంపెనీ పేరు, సొంత డబ్బెంత, అప్పెంత, అప్పు ఇచ్చేదెవరు. ఇవన్నీ తెలుగులో రాసి, కువి, కూబి, ఆదివాసీ ఒడియాలో చదివి వినిపించాలి.

2. పెసా చట్టం ప్రకారం ఆవాసానికో గ్రామసభ జరగాలి. మండల కేంద్రంలో టెంటు వేసి భోజనాలు పెట్టి తీసిన సంతకాలు చెల్లవని రాయండి. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంటోంది.

3. అటవీ హక్కుల చట్టం 2006 కింద వ్యక్తిగత, సామూహిక పట్టాలన్నీ తేలేదాకా సర్వే కూడా వద్దు.

4. పని మధ్యలో ఆగితే కొండను, గెడ్డను బాగు చేసే ఖర్చు ముందే బ్యాంకు గ్యారంటీగా పెట్టాలి. పెద్ద కంపెనీ హామీ రాసి ఇవ్వాలి.

5. యజమాని మారితే పాత సమ్మతి చెల్లదు, మళ్ళీ గ్రామసభకు రావాలి. ఇచ్చిన హామీలన్నీ కొత్తవాడి మీద కూడా ఉంటాయని ఒప్పందంలో ఉండాలి.

6. భూమి ఐదేళ్ళు వాడకపోతే తిరిగి ఇవ్వడానికి అదే 2013 చట్టం సెక్షన్ 101లో దారి ఉంది. తిరిగి వచ్చేది ల్యాండ్ బ్యాంకుకు కాదు, ఇచ్చిన కుటుంబానికే అని రాయించండి.

వీటికి జవాబు చెప్పలేని ప్రాజెక్టుకు మన జవాబు ఒక్కటే, వద్దు. జవాబు చెప్పినా వద్దనే హక్కు మనకుంది. నియాంగిరి చెప్పింది అదే.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ మీదే. ఇంగ్లిషులో ఉన్న ప్రాజెక్టు రిపోర్టు చదవగలిగేది ఊళ్ళో మీరొక్కరే అయుండొచ్చు. కంపెనీ కూడా ముందు మీ దగ్గరికే వస్తుంది. సూపర్‌వైజర్ ఉద్యోగం అంటుంది, బండి అంటుంది, "ఊరోళ్ళకి నచ్చజెప్పు తమ్ముడూ" అంటుంది. ఆ రిపోర్టు మీరు చదవండి. ఊరోళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ అంకె అర్థం కాకపోయినా ఈ పేజీకి పంపండి, కలిసి చదువుదాం.

వచ్చే గ్రామసభకు ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. తీర్మానం కాపీ ఫోటో తియ్యకుండా ఎవరూ ఇంటికి పోవద్దు.

మా ఊళ్ళో మా రాజ్యం!
జల్ జంగల్ జమీన్ మాది!
జై ఆదివాసీ!